కొత్త స్పోర్ట్స్‌వేర్ బ్రాండ్: బట్ట, కొలత, కుట్టు, ప్రింట్ ఎలా ఎంచుకోవాలి?

స్పోర్ట్స్‌వేర్ బ్రాండ్ పెట్టాలనుకునేవాళ్లు చాలామంది ముందు లోగో గీయిస్తారు. తర్వాత టీషర్ట్, ట్రాక్‌ప్యాంట్, షార్ట్స్, లెగ్గింగ్స్, స్పోర్ట్స్ బ్రా, జాకెట్ అంటూ పెద్ద జాబితా రాసుకుంటారు. బట్ట సంగతి అన్నిటికన్నా చివర్లో, ఫ్యాక్టరీలో "ఏ క్వాలిటీ కావాలి సార్?" అని అడిగినప్పుడు గుర్తొస్తుంది. ఈ వరసను తలకిందులు చెయ్యమన్నదే నా సలహా. ఎవరు వేసుకుంటారు, ఏ ఊళ్లో, ఎంతసేపు, ఎంత చెమట పట్టేలా కదులుతారు అన్నది ముందు తేలాలి. అది తేలితే బట్ట తేలుతుంది. బట్ట తేలాక కుట్టు, ప్రింట్, ఫ్యాక్టరీ ఎంచుకోవడం పెద్ద కష్టం కాదు.

తెలుగు రాష్ట్రాల్లో ఉండి, చిన్న పెట్టుబడితో, మూడు నాలుగు వందల పీసులతో మొదలుపెట్టేవాళ్లను మనసులో పెట్టుకుని ఇది రాస్తున్నాను. పెద్ద పెట్టుబడి ఉన్నవాళ్ల లెక్కలు వేరు.

టీమ్ ఆర్డర్లా, జిమ్మా, పొద్దున్నే నడిచేవాళ్లా?

టీమ్ ఆర్డర్లతో మొదలుపెడదాం. సంక్రాంతికి ఊళ్లలో జరిగే క్రికెట్, కబడ్డీ, వాలీబాల్ టోర్నమెంట్లు, స్కూళ్ల స్పోర్ట్స్ డేలు, కంపెనీలు పెట్టే పరుగు పందేలు ఇందులోకి వస్తాయి. సైజులు ముందే తెలుస్తాయి, అడ్వాన్స్ ముందే వస్తుంది, అమ్ముడుపోని సరుకు ఇంట్లో మిగలదు. చేతిలో డబ్బు తక్కువ ఉన్నవాళ్లకు ఇంతకన్నా భద్రమైన దారి లేదు. అయితే జెర్సీ మీద పెద్దగా కనిపించేది టీమ్ పేరు, స్పాన్సర్ పేరు. మీ బ్రాండ్ మెడ వెనక చిన్న లేబుల్‌లో ఉంటుంది. పక్క షాపులో పీసుకి ఇరవై రూపాయలు తక్కువంటే వచ్చే ఏడాది ఆర్డర్ అటు పోతుంది. బ్రాండ్‌గా నిలవాలంటే ఒకే ఆటను పట్టుకుని ఆ ఆటకు తగ్గట్టు కుట్టగలగాలి. కబడ్డీనే తీసుకోండి. ఆటలో బట్ట లాగుళ్లు తప్పవు. క్రికెట్‌కి వాడే పల్చటి జాలీ బట్టతో కబడ్డీ జెర్సీ కుడితే భుజం దగ్గర, పక్క కుట్టు దగ్గర చిరుగుతుంది. దానికి ఒంటికి పట్టినట్టుండే కటింగ్, ఇంటర్‌లాక్ అనే దగ్గరి అల్లిక ఉన్న గట్టి బట్ట, భుజం కుట్టు లోపల సాగకుండా ఆపే టేపు కావాలి. ఈ తేడా తెలిసి కుట్టే దుకాణానికి ఆటగాళ్లు వెతుక్కుంటూ వస్తారు.

జిమ్ మార్కెట్ బయటికి అన్నిటికన్నా ఆకర్షణీయంగా కనిపిస్తుంది. నా ఉద్దేశంలో కొత్తవాళ్లకు అన్నిటికన్నా కష్టమైనదీ అదే. డెకాథ్లాన్, హెచ్‌ఆర్‌ఎక్స్, టెక్నోస్పోర్ట్ లాంటి పెద్ద బ్రాండ్లు టన్నుల లెక్కన బట్ట కొంటాయి. మూడు వందల పీసులకు అరవై కిలోలు కొనే మీరు ఆ ధరకు అమ్మలేరు. ధర ఎక్కువ పెట్టాలంటే వాటికన్నా మెరుగ్గా ఏం ఇస్తున్నారో చూపించాలి. మొదటి ఏడాదిలో అది చాలా పెద్ద పరీక్ష.

పొద్దున్నే నడిచేవాళ్ల గురించి మాత్రం ఎవరూ పెద్దగా పట్టించుకోలేదనిపిస్తుంది. హైదరాబాద్ కేబీఆర్ పార్క్ దగ్గరో, విశాఖ బీచ్ రోడ్డులోనో తెల్లవారాక ఒక అరగంట నిలబడి చూడండి. నలభై, యాభై దాటిన ఆడవాళ్లు చుడీదార్ మీద, చీర మీద స్పోర్ట్స్ షూస్ వేసుకుని నడుస్తుంటారు. చున్నీని నడుముకి ముడేసుకుంటారు, ఫోన్ చేతిలో పట్టుకుంటారు, ఇంటి తాళం చెవి ఎక్కడో దోపుకుంటారు. వీళ్లలో చాలామందికి స్పోర్ట్స్‌వేర్ కొనే స్తోమత ఉంది. షాపులో వేలాడేది వాళ్లను చూసి కుట్టింది కాదు, అంతే. టీషర్ట్ నడుము దగ్గరే ఆగిపోతుంది, చేతులు పొట్టి, లెగ్గింగ్ ఒంటికి అతుక్కుపోతుంది. తొడ సగం దాకా వచ్చే పొడవు, పక్కన చీలికలు, మోచేతి దాకా చేతులు, ఫోన్ పడిపోని లోతైన జేబు, దాని కింద వదులుగా ఉండే ప్యాంటు ఇస్తే వాళ్లు హాయిగా నడుస్తారు. ఒకరికి నచ్చితే ఆ వాకింగ్ గ్రూపు మొత్తానికి తెలుస్తుంది. నన్ను అడిగితే తెలుగు నేల మీద పుట్టే కొత్త బ్రాండ్ మొదట కుట్టాల్సింది ఈ బట్టలే.

పరుగు, బ్యాడ్మింటన్ లాంటివి టీమ్ ఆటలకూ నడకకూ మధ్యలో వస్తాయి. పుల్లెల గోపీచంద్ అకాడమీ గచ్చిబౌలిలో వెలిశాక హైదరాబాద్‌లో పిల్లల్ని బ్యాడ్మింటన్‌లో చేర్పించే తల్లిదండ్రులు బాగా పెరిగారు, కాలనీల్లో రేకుల షెడ్ల కోర్టులూ పెరిగాయి. షటిల్ గాలికి పక్కకు పోకూడదని ఆ షెడ్లలో ఫ్యాన్లు ఆపేస్తారు. లోపల ఉక్కపోత. అందుకే ఆ ఆటకు వీపు మీద, చంకల కింద జాలీ బట్ట, భుజం మీద కుట్టు పడకుండా మెడ నుంచి చంక దాకా ఏటవాలుగా వచ్చే రాగ్లాన్ చెయ్యి బాగుంటాయి. స్మాష్ కొట్టేటప్పుడు చెయ్యి పైకెత్తితే టీషర్ట్ మొత్తం పైకి లేవదు.

కాటన్, పాలిస్టర్: ఏది ఎక్కడ పనికొస్తుంది

"మన ఎండలకు కాటనే మంచిది" అన్న మాట సగం నిజం. కూర్చున్నప్పుడు, నెమ్మదిగా నడిచేటప్పుడు కాటన్ నిజంగానే హాయిగా ఉంటుంది. మామూలు గాలిలోనే కాటన్ తన బరువులో దాదాపు 8.5 శాతం తేమను పట్టి ఉంచుతుంది. పాలిస్టర్ పట్టి ఉంచేది 0.4 శాతం మాత్రమే. కొద్దిపాటి చెమటను కాటన్ తాగేస్తుంది, ఒంటికి పొడిగా అనిపిస్తుంది. కానీ అరగంట పరిగెత్తాక చూడండి. తాగిన నీళ్లన్నీ పోగులోనే ఉండిపోతాయి. టీషర్ట్ బరువెక్కుతుంది, వీపుకు అతుక్కుంటుంది, చంకల్లో ఒరుసుకుని చర్మం మండుతుంది.

పాలిస్టర్ పోగు నీటిని తాగదు. చెమట ఆ సన్నటి పోగుల మధ్య సందుల్లోంచి పాకి బట్ట బయటి వైపుకు చేరి, అక్కడ గాలికి ఆరుతుంది. ఈ గుణమంతా పోగుల సన్నదనం మీద, అల్లిక మీద ఆధారపడి ఉంటుంది. ప్రతి పాలిస్టర్‌కూ అది రాదు. కొన్ని బట్టలకు అద్దకం తర్వాత పూసే రసాయనంతో ఆ గుణం తెస్తారు, అది ఉతుకులకు తగ్గిపోతుంది. సరుకు ఇచ్చేవాళ్లను "చెమట లాగే గుణం నూలులోనే ఉందా, ఫినిషింగ్‌లో వచ్చిందా?" అని సూటిగా అడగండి. తర్వాత మీరే పరీక్షించండి. బట్ట లోపలి వైపు ఒక నీటి చుక్క వెయ్యండి. మంచిదైతే కొద్ది సెకన్లలో మచ్చలా పరుచుకుంటుంది. ముత్యంలా నిలబడితే ఆ బట్ట ఆటకు పనికిరాదు. అదే ముక్కను ఇరవైసార్లు ఉతికి మళ్లీ చుక్క వెయ్యండి. ఉతికేటప్పుడు ఫ్యాబ్రిక్ కండిషనర్ వాడొద్దని లేబుల్ మీద రాయించండి, అది పోగుల మీద పొరలా పేరుకుని చెమట పాకే దారులు మూసేస్తుంది.

ఇక్కడ మన ఊళ్ల వాతావరణం కలగజేసుకుంటుంది. చాలా బ్రాండ్లు దీన్ని లెక్కలోకి తీసుకోవు. బయటికి చేరిన చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది. హైదరాబాద్, వరంగల్, అనంతపురంలో ఎండాకాలం గాలి పొడిగా ఉంటుంది కాబట్టి పాలిస్టర్ తన పని అద్భుతంగా చేస్తుంది. అక్కడ ఇబ్బంది పెట్టేది ఎండ. మరీ పల్చటి జాలీ బట్టలోంచి ఎండ నేరుగా చర్మానికి తగులుతుంది. మధ్యాహ్నం ఫీల్డింగ్ చేసే క్రికెటర్లకు దగ్గరి అల్లిక, కాలర్, మోచేతి దాకా చేతులు మేలు. విశాఖ, కాకినాడ, నెల్లూరు సంగతి వేరు. గాలిలోనే తేమ నిండి ఉంటుంది కనుక బయటికి వచ్చిన చెమట కూడా ఆరదు. ఎంత ఖరీదైన బట్టయినా తడిసి అతుక్కుంటుంది. తీరప్రాంతానికి కావాల్సింది గాలి ఆడే జాలీ అల్లిక, వదులు కటింగ్, ఒంటికీ బట్టకూ మధ్య కాస్త ఖాళీ. ఒకే ప్యాటర్న్‌ను, అంటే ఒకే కటింగ్ నమూనాను, రెండు రకాల బట్టల్లో కుట్టించి, ఒకటి తీరానికి, ఒకటి లోపలి జిల్లాలకు అని అమ్మే బ్రాండ్ వస్తే చూడాలని నాకు గట్టి కోరిక.

పాలిస్టర్‌కు ఒక పెద్ద లోపం ఉంది, వాసన. చెమటలోని జిడ్డు పాలిస్టర్‌ను వదలదు, ఉతికినా పూర్తిగా పోదు. కాటన్‌లో ఈ బాధ తక్కువ. అందుకే నడిచేవాళ్ల పొడుగు టాపులకు నేను వంద శాతం పాలిస్టర్ సూచించను. లోపలి వైపు పాలిస్టర్, బయటి వైపు కాటన్ వచ్చేలా అల్లిన బట్టగానీ, కొద్దిగా స్పాండెక్స్ అనే సాగే పోగు కలిపిన కాటన్-పాలిస్టర్ మిశ్రమంగానీ వాళ్లకు సరిపోతుంది. చూడ్డానికి మామూలు బట్టలా ఉంటుంది, నడక అయ్యాక అలాగే కూరగాయల మార్కెట్‌కు వెళ్లొచ్చు. పరుగుకు, టీమ్ ఆటలకు మాత్రం పాలిస్టరే.

బట్టల మార్కెట్‌లో డాట్ నిట్, రైస్ నిట్, ఇంటర్‌లాక్, మెష్ అనే పేర్లు వింటారు, ఇవన్నీ అల్లిక రకాలు. పేరు చూసి కొనకండి, ఒక్కో మిల్లులో ఒక్కోలా ఉంటుంది. చదరపు మీటరు బట్ట ఎన్ని గ్రాములు తూగుతుందో చెప్పే జీఎస్‌ఎం చూడండి. పరుగు టీషర్ట్‌కు 130 నుంచి 150, రోజూ వాడే టీమ్ జెర్సీకి 160 నుంచి 180 బాగుంటుంది. 120 కన్నా తగ్గితే లేత రంగుల్లో లోపలిది కనిపిస్తుంది. ప్లాస్టిక్ సీసాల నుంచి తీసిన రీసైకిల్డ్ పాలిస్టర్ కూడా దొరుకుతుంది. ఒంటి మీద తేడా తెలియదు, ధర ఎక్కువ. సర్టిఫికెట్ చేతికి రాకుండా ఆ మాట ట్యాగ్ మీద వెయ్యొద్దు.

లెగ్గింగ్సా, ట్రాక్‌ప్యాంటా?

కొత్త బ్రాండ్లు తెలియక దిగేది లెగ్గింగ్స్‌లోనే. చూడ్డానికి నాలుగు కుట్ల పని, కానీ అన్నిటికన్నా ఎక్కువ తప్పులు దొర్లే బట్ట అది. ఇందులో నైలాన్-స్పాండెక్స్, పాలిస్టర్-స్పాండెక్స్ అని రెండు దారులున్నాయి. నైలాన్ మెత్తగా ఉంటుంది, రాపిడిని బాగా తట్టుకుంటుంది, ధర బాగా ఎక్కువ. పాలిస్టర్ చవక, రంగు నిలుస్తుంది, కానీ తొడల మధ్య ఒరుసుకునే చోట ఉండలు కట్టడం, వాసన పట్టడం ఎక్కువ. స్పాండెక్స్ 20 శాతం చుట్టుపక్కల ఉంటే పట్టు బాగుంటుంది. స్పాండెక్స్‌కు వేడి, బ్లీచింగ్ పడవు. డ్రయ్యర్‌లో వేసినా, వేడి నీళ్లలో నానబెట్టినా కొన్నాళ్లకు మోకాళ్ల దగ్గర బుడగలా సాగిపోతుంది.

అసలు చిక్కు బట్ట పారదర్శకతలో ఉంది. 2013లో యోగా దుస్తులకు పేరున్న లులులెమన్ అంతటి కంపెనీ, నల్ల యోగా ప్యాంట్లలోంచి లోపలిది కనిపిస్తోందని సరుకును షాపుల నుంచి వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. నిలబడి ఉన్నప్పుడు ఏమీ తెలియదు, వంగినప్పుడు తెలుస్తుంది. కాబట్టి శాంపిల్‌ను పగటి వెలుతురులో, అమ్మబోయే ప్రతి సైజులోనూ నిజమైన మనిషికి వేసి, పూర్తిగా కూర్చుని లేవమని అడిగి చూడాలి. ఎక్స్‌ఎల్, డబుల్ ఎక్స్‌ఎల్‌లలో ఇది మరీ ముఖ్యం. ఎం సైజులో బాగున్న బట్ట పెద్ద సైజులో ఎక్కువ సాగి పల్చబడుతుంది. 220 జీఎస్‌ఎం కన్నా తక్కువ బట్టతో లెగ్గింగ్ కుట్టొద్దు, 250 చుట్టుపక్కల ఉంటే నిశ్చింత. కాళ్లు కలిసే చోట నాలుగు కుట్లు ఒకే బిందువు దగ్గర కలవకుండా డైమండ్ ఆకారపు ముక్క వేయించండి. ఆ ఒక్క ముక్కతో చిరుగులూ తగ్గుతాయి, ఒరుసుకోవడమూ తగ్గుతుంది.

ట్రాక్‌ప్యాంటు, షార్ట్స్ వీటితో పోలిస్తే క్షమించే బట్టలు. రెండు సెంటీమీటర్లు అటూ ఇటూ అయినా వేసుకునేవాళ్లు సర్దుకుంటారు. నడుముకు ఎలాస్టిక్‌తోపాటు నాడా, జేబుకు జిప్పు పెట్టండి. జేబు లోపలి బట్ట కూడా త్వరగా ఆరేదే వాడండి. షార్ట్స్‌కైతే సాగే నేత బట్ట అల్లిక బట్టకన్నా మేలు, తడిసినా తొడకు అతుక్కోదు. కాబట్టి మొదటి ఏడాది లెగ్గింగ్స్ వద్దు. ఫిట్ మీద పట్టు దొరికాక, పెద్ద సైజులు కూడా సరిగ్గా ఇవ్వగలిగినప్పుడు దిగండి.

స్పోర్ట్స్ బ్రా విషయంలో ఇంకా ఆగమంటాను. 1977లో అమెరికాలోని వెర్మాంట్‌లో ముగ్గురు ఆడవాళ్లు, మగవాళ్ల ఆట లోదుస్తులు రెండింటిని కలిపి కుట్టి చూసి, జాగ్‌బ్రా అనే మొదటి స్పోర్ట్స్ బ్రాను తయారుచేశారు. వాళ్లలో ఒకరు రోజూ పరిగెత్తే మనిషి, తన నొప్పిలోంచి ఆ ఆలోచన పుట్టింది. దాన్ని అంత శ్రద్ధతో చెయ్యాల్సిన బట్టగా చూడాలి. చుట్టుకొలత, కప్పు రెండూ కలిపితే సైజుల సంఖ్య విపరీతంగా పెరుగుతుంది. సరిగ్గా పట్టని బ్రా వేసుకుని పరిగెత్తే అమ్మాయికి నొప్పి మిగులుతుంది. జాబితా నిండుగా కనిపించాలని దాన్ని చేర్చడం ఆమెకు అన్యాయం.

ప్రింట్, కుట్టు

పాలిస్టర్ జెర్సీకి సబ్లిమేషన్‌ను మించింది లేదు. డిజైన్‌ను కాగితం మీద అచ్చువేసి, బట్ట మీద పెట్టి వేడిగా నొక్కితే ఆ రంగు 200 డిగ్రీల దగ్గర ఆవిరై పోగులోకే ఇంకిపోతుంది. రాలదు, పగలదు, గాలిని ఆపదు, ఎన్ని రంగులున్నా ఖర్చు పెద్దగా మారదు. తెల్లటి లేదా లేత రంగు పాలిస్టర్ మీదే పని చేస్తుంది, కాటన్ మీద నిలవదు. బాగా సాగే బట్ట మీద చేస్తే సాగినప్పుడు లోపలి తెలుపు బయటపడుతుంది. ముదురు రంగు పాలిస్టర్ మీద లోగో వెయ్యాలంటే స్క్రీన్ ప్రింట్ చేయించండి, కానీ బట్ట రంగు సిరాలోకి పాకి తెల్ల లోగో వారం రోజుల్లో గులాబీ రంగులోకి తిరగొచ్చు. రంగు పాకకుండా ఆపే ఇంకు వాడమని ముందే చెప్పండి. ఫిల్మ్ మీద అచ్చువేసి వేడితో బట్టకు అతికించే డీటీఎఫ్ స్టిక్కర్ చిన్న లోగోకు పర్వాలేదు. ఛాతీ నిండా వేస్తే అక్కడ ప్లాస్టిక్ పొర వేసినట్టే, చెమట బయటికి రాదు. ఎంబ్రాయిడరీ కాలర్ టీషర్ట్‌కు అందంగా ఉంటుంది, పల్చటి బట్టను ముడతలు పడేలా లాగేస్తుంది.

కుట్లలో, అంచులు కలిపి కుట్టే మామూలు నాలుగు దారాల ఓవర్‌లాక్ వదులు టీషర్ట్‌కు చాలు. ఒంటికి పట్టే బట్టకు కుట్టు లోపల ఉబ్బెత్తుగా ఉండకూడదు, చదునుగా పడుకోవాలి. ఫ్లాట్‌లాక్ అనే ఈ కుట్టుకు నాలుగు సూదులు, ఆరు దారాల మెషిన్ కావాలి. ఫ్లాట్‌లాక్ అని మాత్రమే అడిగితే కొన్ని యూనిట్లలో అంచు మడత కుట్టే మెషిన్‌ను చూపిస్తారు, కాబట్టి సూదులు, దారాల సంఖ్య చెప్పి అడగండి. స్పాండెక్స్ ఉన్న బట్ట చుట్టను విప్పి, కటింగ్‌కు ముందు ఒక రోజంతా వదులుగా పరిచి ఉంచాలి. చుట్టినప్పుడు సాగిన బట్ట అప్పుడు తన అసలు కొలతకు వస్తుంది. తొందరలో ఈ పని మానేస్తే కుట్టిన తర్వాత ఎల్ సైజు ఎం అయి కూర్చుంటుంది.

రెడీ టీషర్టుల మీద లోగోనా, సొంత ప్యాటర్నా?

తిరుప్పూర్‌లోనో, సూరత్‌లోనో రెడీగా ఉన్న సాదా టీషర్టులు కొని లోగో వేస్తే పదిహేను రోజుల్లో అమ్మకం మొదలుపెట్టొచ్చు. ఎవరు కొంటారో, ఏ రంగు పోతుందో తెలుసుకోవడానికి ఇది మంచి దారి. కానీ అదే టీషర్టు ఇంకో పదిమంది వేరే లోగోలతో అమ్ముతుంటారు. సొంత ప్యాటర్న్ అంటే ప్యాటర్న్ మాస్టర్, రెండు మూడు శాంపిళ్లు, ఫిట్ చూసుకోవడం, సైజులు పెంచడం, ఇదంతా నెలల పని. బ్రాండ్‌గా మిమ్మల్ని వేరు చేసేది ఇదే కాబట్టి డబ్బు పెట్టాల్సిందీ ఇక్కడే. టీమ్ ఆర్డర్లవాళ్లు మొదటి దారిలో మొదలై రెండోదానికి రావొచ్చు. నడిచేవాళ్ల కోసం చేసేవాళ్లకు మాత్రం సొంత ప్యాటర్న్ తప్పదు, ఆ బట్ట రెడీగా దొరకదు కనుకే మీరు చేస్తున్నారు.

ప్యాటర్న్‌తోపాటు ఒక టెక్ ప్యాక్ రాయించుకోండి. ముందు వెనక బొమ్మలు, ప్రతి సైజుకూ కొలతలు, ఎంత తేడా వరకు ఒప్పుకుంటారో, బట్టలో ఏం ఎంత శాతం, జీఎస్‌ఎం, కుట్టు రకం, దారం, ఎలాస్టిక్ వెడల్పు, రంగు నంబరు అన్నీ ఆ కాగితాల్లో ఉండాలి. ఫోన్‌లో మాటగా చెప్పింది ఎవరికీ గుర్తుండదు.

కొలతల విషయంలో విదేశీ సైజు చార్ట్ దింపుకోకండి. మనవాళ్ల శరీర కొలతలతో ఒక చార్ట్ తయారుచేయాలని నిఫ్ట్ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫ్యాషన్ టెక్నాలజీ) ఇండియాసైజ్ పేరుతో ఆరు నగరాల్లో పాతికవేల మందికి పైగా కొలతలను 3డీ స్కానర్లతో తీసింది. హైదరాబాద్ కూడా అందులో ఉంది. జాతీయ స్థాయిలో అంత శ్రమ పడాల్సి వచ్చిందంటే అరువు కొలతలు మనకు ఎంత కుదరడం లేదో అర్థం చేసుకోవచ్చు. మీరు మీ స్థాయిలో ముప్పై మంది కొలతలు తీయండి. నడిచేవాళ్ల టాపులకైతే ఛాతీకన్నా పొట్ట, తుంటి కొలతలే ముఖ్యం. ఎం సైజును సమంగా పెంచుకుంటూ పోయి త్రిబుల్ ఎక్స్‌ఎల్ చేస్తే భుజాలు జారిపోతాయి. మనిషి లావైనంత మాత్రాన భుజాల వెడల్పు అదే లెక్కన పెరగదు. పెద్ద సైజులకు విడిగా ఫిట్ చూడండి.

ఎక్కడ కుట్టించాలి

కాటన్, కాటన్ మిశ్రమ నిట్ బట్టలకు తిరుప్పూర్ సాటిలేనిది. బట్ట అల్లే దగ్గర్నుంచి ప్యాకింగ్ దాకా అన్నీ అక్కడే దొరుకుతాయి. బట్టల పరీక్షకు టెక్స్‌టైల్స్ కమిటీ ల్యాబ్ కూడా ఉంది. పాలిస్టర్ బట్ట, సబ్లిమేషన్ అయితే సూరత్. జాకెట్లు, ట్రాక్‌సూట్లకు లూధియానా. మన దగ్గర అచ్యుతాపురంలోని బ్రాండిక్స్, వరంగల్ కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్క్‌లోని యంగ్‌వన్ లాంటివి ఉన్నా అవి విదేశీ బ్రాండ్లకు భారీగా కుట్టే ఫ్యాక్టరీలు. మూడు వందల పీసుల ఆర్డర్‌తో వాటి గడప తొక్కలేరు. శాంపిళ్లు, మొదటి లాట్ మాత్రం మీ ఊళ్లోనో, హైదరాబాద్‌లోనో మనం ఇచ్చిన బట్టను కూలికి కుట్టిపెట్టే చిన్న జాబ్‌వర్క్ యూనిట్‌లో చేయించమంటాను. పీసుకి కొంచెం ఎక్కువ పడినా పక్కనే నిలబడి కుట్టు చూడొచ్చు, తప్పుంటే అప్పుడే దిద్దించొచ్చు. ప్యాటర్న్ స్థిరపడ్డాక తిరుప్పూర్‌కు వెళ్లండి.

సొంత రంగు అద్దించాలన్న ఆశ ప్రస్తుతానికి పక్కన పెట్టండి. 150 జీఎస్‌ఎం టీషర్టు ఒకటి కటింగ్ వృథాతో కలిపి సుమారు 200 గ్రాముల బట్ట తింటుంది, అంటే మూడు వందల టీషర్టులకు అరవై కిలోలు. అద్దకం యూనిట్లు ఒక్కో రంగుకే సాధారణంగా ఇంతకన్నా చాలా ఎక్కువ అడుగుతాయి. రెడీగా అద్ది ఉంచిన నలుపు, నేవీ, ముదురు ఆకుపచ్చల్లోంచి ఎంచుకుని, మీ ప్రత్యేకతను కటింగ్‌లో చూపించండి. లేత బూడిద రంగు మాత్రం వద్దు, చెమట మరక అన్నిటికన్నా కొట్టొచ్చినట్టు కనిపించేది దాని మీదే.

పేరు, లేబుల్, పన్ను

బట్టలకు ట్రేడ్‌మార్క్ 25వ క్లాసులో తీసుకోవాలి. ఆన్‌లైన్‌లో వ్యక్తులకు, చిన్న సంస్థలకు దరఖాస్తు రుసుము ఒక క్లాసుకు రూ.4,500. షాపుల్లో ప్రతి పాలిస్టర్ టీషర్టునూ డ్రైఫిట్ అంటారు, కానీ అది నైకీ ట్రేడ్‌మార్క్. లైక్రా కూడా ఒక కంపెనీ బ్రాండే, లేబుల్ మీద స్పాండెక్స్ లేదా ఎలాస్టేన్ అని రాయండి. పక్కన మూడు చారలు వేసే డిజైన్ జోలికి పోవద్దు, అడిడాస్ వాటి కోసం దేశదేశాల్లో కోర్టులకెక్కింది. లేబుల్ మీద సైజు (ఎం, ఎల్ అక్షరాలతోపాటు సెంటీమీటర్లలో కూడా), ఎంఆర్‌పీ, తయారీదారు పూర్తి చిరునామా, కస్టమర్ కేర్ వివరాలు ఉండాలి. 2025 సెప్టెంబర్ 22 నుంచి పీసు రూ.2,500 దాకా ఉంటే జీఎస్టీ 5 శాతం, దాటితే 18 శాతం. జాకెట్ ధర పెట్టేటప్పుడు ఈ గీత గుర్తుంచుకోండి.

మొదటి ఆర్డర్‌ను రెండే రకాల దుస్తులతో, రెండే రంగులతో వెయ్యండి. సైజుల్లో ఎల్, ఎక్స్‌ఎల్ ఎక్కువ ఉంచి, ఎస్ తగ్గించండి. నడిచేవాళ్ల టాపులకైతే ఇంకో మెట్టు పైకి జరగండి. చేతిలోని డబ్బులో మూడో వంతును రెండో లాట్ కోసం ముట్టుకోకుండా ఉంచి, అదే రకం బట్ట మూడు నెలల తర్వాత కూడా దొరుకుతుందో లేదో సరుకు ఇచ్చేవాళ్లతో ఇప్పుడే రాయించుకోండి.